పడమటి మెట్ల కింద

ఠాణా గోడ గడియారం ఎనిమిదీ పది చూపిస్తుండగా డిటెక్టివ్ సంగమేశ్వర్ కటకటాల ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. రెండు గంటలకు బీదరు లారీ బయలుదేరుతుంది. కటకటాల వెనక ఉన్న ఈరయ్యను అందులో ఎక్కించి జిల్లా జైలుకు పంపేస్తారు. ఒకసారి బీదరు చేరిన ఖూనీ కేసు మళ్లీ నారాయణఖేడ్ ముఖం చూడదని అతనికి పదిహేనేళ్ల అనుభవం మీద తెలుసు. చేతిలో ఉన్నది ఆరు గంటలు, అందులో పది నిమిషాలు తక్కువ.

హైదరాబాదులో పెద్దల ఇళ్లల్లో పోయిన నగలు వెతికిపెట్టి పేరు తెచ్చుకున్నవాడు సంగమేశ్వర్. నగలు నయం, ఎక్కడో ఒకచోట పడి ఉంటాయి, ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. ఇక్కడ వెతకవలసింది ఒక మనిషి నోట్లో ఉన్న మాట. ఆ మనిషేమో నోరు తెరవడు.

ఈరయ్య చర్చి కావలివాడు. ఆ చర్చిని వాళ్లు గుడి అనే అంటారు. గంట కొట్టేదీ, ఎవరైనా పోతే గొయ్యి తవ్వేదీ అతనే. తొమ్మిది రోజుల కింద మోటారు సడక్ వెడల్పు చేయడానికి చర్చి పడమటి మెట్లు తవ్వుతుంటే రెండో మెట్టు కింద మనిషి ఎముకలు బయటపడ్డాయి. మూడేళ్ల కింద కనబడకుండా పోయిన బట్టల వ్యాపారి మాణిక్యప్పవేనని ఊరంతా ఒక్కసారే తేల్చేసింది. మాణిక్యప్ప చివరిసారి గొడవపడింది ఈరయ్యతోనే. పాస్టరు జ్వరంతో బీదరు దవాఖానలో పడి ఉండి, మంచం మీది నుంచే సంగమేశ్వర్‌కు ఉత్తరం రాయించాడు.

"మాణిక్యప్ప గుడికాడికి వచ్చింది ఎప్పుడు?"

"అంగడినాడు సారూ. శుక్రవారం. పొద్దింక గూకలే."

"ఏం గొడవ?"

"బండి దెచ్చి మెట్లకు ఆనిచ్చి, బట్టల మూటలన్ని మెట్ల మీద దించిండు. ప్రార్థనకు వచ్చేటోళ్లు యాడికెల్లి రావాలె అని అడిగిన. తిట్టిండు. నేను సుత తిట్టిన."

"చెయ్యి చేసుకున్నవా?"

"బుజం పట్టుకొని ఎనకకు నూకిన. అబద్ధమెందుకు?"

"తర్వాత?"

"మూటలు బండ్ల ఏసుకొని కంగ్టి తొవ్వ పట్టిండు. పోంగ చూసిన. మల్ల చూడలే."

ఇంతవరకూ గడగడా చెప్పాడు. అబద్ధం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట నీళ్లు నములుతాడు. ఇతను నమలలేదు. సంగమేశ్వర్ పీట ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

"మర్నాడు పొద్దుగాల రెండో మెట్టు రాయి ఎందుకు లేపినవ్?"

ఈరయ్య తల దించుకున్నాడు.

"ఎదురు దుకాణం బండెప్ప చూసిండు. సున్నం తడి ఆరకముందే నీ చేతులు కడుక్కుంటున్నవంట. ఠాణా పెద్ద అమీను దగ్గర ఉన్న సాక్ష్యం గదొక్కటే. చెప్పు, ఎందుకు లేపినవ్?"

"గది అడగకు సారూ."

"అడగకుంటె ఉరేస్తరు."

"ఎర్కనే," అన్నాడు ఈరయ్య.

సంగమేశ్వర్‌కు ఒళ్లు మండింది. డబ్బిచ్చి నోరు మూయించినవాళ్లను చూశాడు, భయపెట్టి మూయించినవాళ్లను చూశాడు. ఈ మనిషి ముఖంలో భయం లేదు, తన నోరు తనే కుట్టేసుకున్నాడు. అటువంటివాడి ముందు ఏ డిటెక్టివ్ తెలివీ పనిచేయదు. లేచి పీటను గోడకు తన్నాడు.

ఎనిమిదీ యాభైకి చర్చి దగ్గరికి చేరాడు. ఈరయ్య భార్య రిబ్కమ్మ తవ్విన గుంత దగ్గర అప్పటికే నిలబడి ఉంది. తొమ్మిది రోజులుగా అక్కడే ఉంటోందని జవాను చెప్పాడు.

"రాయి ఎందుకు లేపిండో నీకు తెల్వదా అమ్మా?"

"తెల్వదు సారూ," అంది ఆమె చప్పున. అంత చప్పున అనకుండా ఉంటే అతను నమ్మి ఉండేవాడే.

చర్చి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తూర్పు గోడ మధ్యలో రాళ్ల రంగు వేరుగా ఉంది. అక్కడ ఒకప్పుడు వాకిలి ఉండేది. ఎవరో పూడ్చి కట్టారు.

"గీ వాకిలి ఎప్పుడు మూసిన్రు?"

"మా అత్త కొత్తకోడలుగ వచ్చిన్నాడు గుడి కట్టి రెండేండ్లంట. ఊరు గా అవుతల ఉండె. ఈడంత తంగేడు పొదలు. తూర్పు దిక్కు మనూర్ బండ్ల తొవ్వ ఉండె, వాకిలి గటే ఉండె. గీ పడమట దిక్కు ఎవ్వలు రాకపోదురు. ఒక్క యాపచెట్టు ఉండె, అంతే."

"మల్ల?"

"అంగడి జరుగుకుంట జరుగుకుంట ఇటొచ్చింది. ఎనక మోటరు సడక్ పడమట ఏసిన్రు. ఇగ తూర్పు దిక్కు వచ్చేటోడే లేడు. గప్పుడున్న దొర పాస్టరు ఆ వాకిలి మూపిచ్చి గీ వాకిలి తెరిపిచ్చిండు. యాపచెట్టు కొట్టేసి మెట్లు కట్టిన్రు. నా పెద్దబిడ్డ పుట్టిన ఏడే సారూ. దానికిప్పుడు పదారు నిండినయి."

ఎవరికీ అక్కరలేని బీడులో కట్టిన చర్చి ఇప్పుడు ఊరి నడిబొడ్డున ఉంది. ఎదురుగా పప్పుల వ్యాపారి బండెప్ప దుకాణం, పక్కన లారీలు ఆగే చోటు. ఈ జాగా మీద బండెప్ప కన్ను ఉందని పాస్టరు ఉత్తరంలోనే రాశాడు. సంగమేశ్వర్ కోటు విప్పి రిబ్కమ్మ చేతికిచ్చి గుంతలోకి దిగాడు.

గుంత అతని గడ్డం దాకా ఉంది. దక్షిణం పక్క మట్టిగోడలో చేత్తో చెక్కినట్టున్న గూడు ఒకటి కనబడింది. మనిషి కూర్చుంటే సరిపోయేంత. అటువంటి గూడు అతను ఇదివరకు ఒకసారి చూశాడు. ఆ సంగతి అవతల పెట్టి ముందు గోడలు చూశాడు. గూటికి రెండు పక్కలా మణికట్టంత లావు వేరు మొండాలు పొడుచుకుని ఉన్నాయి. ఎండిపోయిన వేపవేరు. రెండు మొండాల మీదా గొడ్డలి దెబ్బ తాజాగా ఉంది. మధ్యలో రెండు జానల వేరు లేదు.

పదహారేళ్ల కింద కొట్టేసిన చెట్టు, మాణిక్యప్ప పోయి మూడేళ్లే. దాని వేరు ఈ గూట్లో నుంచి ఎలా పోయింది, ఆ రెండు జానల ముక్క ఇప్పుడెక్కడుంది? బుర్రలో లెక్క కుదురుతుంటే, తొమ్మిది రోజులుగా మూసి ఉన్న తలుపు ఎవరో తీసినట్టు అతనికి అనిపించింది.

తవ్విన కూలీలు సడక్ మీద కంకర పోస్తున్నారు. వాళ్లలో గట్టిగా మాట్లాడే రామవ్వను పక్కకు పిలిచాడు.

"మనిషి బొక్కలు మొదలు చూసింది నువ్వేనంట కద. ఎట్లున్నయి?"

"గట్ల అడుగుతరేంది సారూ, ఇప్పుడు కండ్లు మూసుకుంటె సుత కనిపిస్తయి. ముందుగాల పుర్రె తగిలింది. దాని కింద బుజాలు. కాళ్లు ఎక్కడనో అడుగున. సక్లం ముక్లం ఏసుకొని కూసున్నది, మనిషి కూసున్నట్టే."

"పండుకొని లేదా?"

"కూసున్నది అంటున్న కద!"

"వేరు?"

"యాపవేరు పక్కబొక్కల నడుమకెల్లి ఇటు దూరి అటెల్లింది. ఊడబీకుదమంటె వస్తలేదు. అమీన్ సాబ్ వచ్చి చూసి, గొడ్డలి తెమ్మని నరికిచ్చిండు."

"ఆ ముక్క ఏది?"

రామవ్వ కొంగు సర్దుకుని అతని ముఖంలోకి చూడకుండా చెప్పింది. "ఎండిన కట్టె కద సారూ. పారెయ్యబుద్ధి గాలే. ఇంటికి పట్కపొయి పొయ్యిల పెట్టిన. రెండు పూటల రొట్టెలైనయి."

ఒక మనిషి ప్రాణం నిలబెట్టే ముక్క జొన్నరొట్టెల కింద బూడిదైంది. అయినా గుంతలో మొండాలున్నాయి, చూసిన కళ్లున్నాయి. సంగమేశ్వర్ జేబులోంచి పంచనామా నకలు తీశాడు. అమీను పంచాక్షరి స్వయంగా రాసింది అది. 'శవం వెల్లకిలా, తల ఉత్తరానికి.' వేరు మాటే లేదు.

మళ్లీ చర్చికి వచ్చి ఒక సన్నటి గడ్డపార అడిగి తీసుకున్నాడు. గుంతకు తూర్పున నేలను పొడుస్తూ నడిచాడు. నాలుగడుగులకు ఒకచోట గడ్డపార దానంతటదే దిగిపోయింది. ఇంకో నాలుగడుగులకు మరొకటి. వరస తిన్నగా చర్చి గోడ కిందికి పోతోంది. లోపలికి వెళ్లి షాబాదు బండల మీద గడ్డపార మడమతో కొట్టుకుంటూ పోయాడు. గట్టి చప్పుడు, బోలు చప్పుడు, మళ్లీ గట్టి, మళ్లీ బోలు. ప్రసంగం చెప్పే చోటు దాకా అదే వరస.

"గీ బండలు ఎప్పుడు కుంగుతనే ఉంటయి సారూ," అంది రిబ్కమ్మ వెనకనుంచి. "మా అత్త కాలం నుంచి గంతే."

అతను చెమట తుడుచుకుని ఒక బల్ల మీద కూలబడ్డాడు. కల్యాణి ఊరి దగ్గర లింగాయతుల ఇంట్లో పుట్టినవాడు. తన తాతను గోతిలో ఎలా పెట్టారో ఎనిమిదేళ్ల వయసులో దగ్గరుండి చూశాడు. గొయ్యి తవ్వి, పక్కగోడలో గూడు చెక్కి, స్నానం చేయించి, విభూతి పూసి, ఎడమచేతిలో లింగం పెట్టి, బతికున్న మనిషిని కూర్చోబెట్టినట్టే బాసింపట్టు వేయించి కూర్చోబెట్టారు. క్రైస్తవుల గోతులు తవ్వే ఈరయ్య చేతులకు ఆ గూడు చెక్కడం రాదు. ఖూనీ చేసి దాచేవాడికి అంత తీరిక ఉండదు. ఇది ఖూనీ కాదు. ఇది మాణిక్యప్ప కాదు. ఇక్కడ పడుకున్నవాళ్లు ఎవరూ లేరు, అందరూ కూర్చునే ఉన్నారు. చర్చి పునాది వేయకముందు నుంచీ ఉన్నారు.

పదకొండూ ఇరవైకి వాకిట్లో సైకిలు ఆగింది. అమీన్ పంచాక్షరి టోపీ చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. రిబ్కమ్మను బయటికి పొమ్మని చేత్తో చూపించాడు.

"గడ్డపార పట్టుకొని గిర్జాల తిరుగుతున్నవంట. హైదరాబాదుల గిదేనా పని?"

"పంచనామాల అబద్ధం రాసుడు ఖేడ్‌ల పనా?"

పంచాక్షరి కోపం తెచ్చుకుంటాడనుకున్నాడు. అతను వెళ్లి వాకిలి దగ్గరగా వేసి వచ్చాడు.

"నీ మెడల లింగం ఉన్నదా?"

"ఉన్నది."

"నాకు సుత ఉన్నది. గుంత చూడంగనే నీకేం ఎర్కైందో నాకు గదే ఎర్కైంది. వేరు నరికిచ్చింది నేనే. వెల్లకిలా అని రాసింది నేనే. తప్పని ఎర్కుండే రాసిన."

"ఎందుకు?"

"మా తాత చెప్తుండె. ఎనకటి కరువుల ఖేడ్ సగం ఖాళీ అయింది. తిరిగొచ్చినోళ్లల్ల పెద్దల జాగ యాడనో చెప్పేటోడే లేడు. గప్పటిసంది వెతుకుతుండ్రు మనోళ్లు. గదో గీడ దొరికింది. ఇగ చెప్పు పోయి. మీ తాతలు గిర్జా కింద కూసున్నరని అందరికి చెప్పు."

"గిర్జా కట్టిన దొరకు బీడు అని ఇచ్చిన్రు. బీడనుకొని కట్టిండు. గిండ్ల తప్పు ఎవ్వలది లేదు."

"నువ్వు నేను కూసొని మాట్లాడుకుంటె గది నిజమే. రేపు శుక్రవారం. అంగడికి పది ఊర్లు దిగుతయి. బండెప్ప నోరు మూసుకుంటడా? గీ జాగల మోటరు అడ్డా పెట్టాలని ఎప్పటిసంది చూస్తుండు. మొదటి గడ్డపార ఆయనే తెస్తడు. నా దగ్గర ఏడుగురు జవాన్లు. గిర్జా ఎనక కిరస్తానోళ్లయి ఇరవై ఇండ్లున్నయి, ఆడోళ్లు పిల్లలు. ఎవల్ని ఆపుమంటవ్ నన్ను?"

"గందుకని తప్పు చేయనోన్ని ఉరికి పంపుతవా?"

"ఒక్కడు పోతె ఇరవై ఇండ్లు మిగుల్తయి."

"ఆ ఒక్కడెవడో తేల్చేటందుకు నువ్వెవడివి?"

"సరె, నువ్వు తేల్చు!" పంచాక్షరి గొంతు మొదటిసారి లేచింది. "కాయితం రాసి తహసీల్దారుకు ఇయ్యి. లారీ ఆపుతడు. కచేరిల అందరి ముందర సదువుతరు. పొద్దు గూకేసరికి ఖేడంత తెలుస్తది. ఈరయ్య ఇంటికొస్తడు. ఇల్లుంటె వస్తడు."

సంగమేశ్వర్ గడ్డపార గోడకు ఆనించాడు. అవతలివాడు దొంగ అయితే కాలర్ పట్టుకోవచ్చు. ఇతను దొంగ కాడు. తన లెక్క తాను వేసుకుని, ఆ లెక్కలో ఒక పేదవాణ్ణి కొట్టేసిన మనిషి. ఆ లెక్క తప్పని చెప్పాలంటే వేరే లెక్క చూపించాలి. తన దగ్గర లేదు.

పన్నెండూ పదికి మళ్లీ కటకటాల ముందుకు వెళ్లాడు. ఆరోజు చేసిన పనుల్లో పెద్ద తప్పు ఇదే. అప్పుడు అది తప్పనిపించలేదు.

"మెట్టు కింద ఏమున్నదో చూసిన ఈరయ్యా. నువ్వు మూడేండ్ల కింద చూసిందే."

ఈరయ్య కటకటాలు పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"మూటల బరువుకు మెట్టు కుంగింది సారూ. సరిచేద్దమని లేపిన. గా పెద్దమనిషి కూసున్నడు, నా దిక్కు చూస్తున్నట్టె. నేను గుంతలు తవ్వేటోన్ని, ఎవల గుంత ఎట్లుంటదో నాకెర్కలేదా? మట్టి కప్పి దండం పెట్టి రాయి పెట్టేసిన. ఎవ్వలకు చెప్పలే. చెప్తె గుడి ఉంటదా?"

"గిప్పుడు చెప్పక తప్పదు. కాయితం రాసి తహసీల్దారుకు ఇస్త. నువ్వు బయటికొస్తవ్."

"ఇస్తవా?"

"ఇస్త."

"యాళ్ల ఎంతైంది సారూ?"

"పన్నెండున్నర."

ఈరయ్య మరి మాట్లాడలేదు. ఒప్పుకున్నాడనుకుని సంగమేశ్వర్ బయటికి వచ్చేశాడు.

చర్చి అరుగు మీద కాయితం రాయడానికి అరగంట పట్టింది. గూడు, వేరు, చెట్టు కొట్టేసిన ఏడు, బోలు చప్పుళ్ల వరస, అన్నీ రాశాడు. సంతకం పెట్టబోయి ఆగాడు. రిబ్కమ్మను పిలిచి, ఏం రాశాడో, అది చదివితే ఏమవుతుందో ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఇటువంటి బరువు ఒక ఆడమనిషి నెత్తిన పెడుతున్నందుకు అతనికి సిగ్గేసింది. కాని తనొక్కడే మోయలేకపోయాడు.

ఆమె చర్చి గోడ మీద చెయ్యి ఆనించింది.

"గీ మెట్లకు మా అత్త సున్నం మోసింది సారూ. నా లగ్గం ఈడనే అయింది," అంది. తర్వాత కళ్లు తుడుచుకుంది. "గుడి ఇంకో కాడ కట్టుకుంటం. ఆయనను మల్ల యాడ కట్టుకోవాలె? ఇచ్చెయ్యి."

కాయితం జేబులో పెట్టుకుని ఒంటిగంటా ఇరవైకి తహసీలు కచేరీ మెట్లు ఎక్కాడు. రిబ్కమ్మ వెనకే వచ్చి వాకిట్లో నిలబడింది. లోపల పంచాక్షరి ఒక స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. అతని ముఖం పాలిపోయి ఉంది. బల్ల ముందు ఈరయ్య, రెండు పక్కలా జవాన్లు.

"ఆలస్యం చేసినవ్," అన్నాడు పంచాక్షరి మెల్లగా. "నువ్వటు పోయినవ్, వీడు తహసీల్దారు దగ్గరికి తోల్కపొమ్మని జవాన్ల పానం తిన్నడు. నేను చెప్పియ్యలే. నా పిల్లల మీద ఒట్టు."

"ఏం చెప్పిండు?"

"మాణిక్యప్పను నేనే సంపిన, నేనే బొంద పెట్టిన అన్నడు. వేలిముద్ర ఏసిండు."

సంగమేశ్వర్ బల్ల దగ్గరికి దూసుకుపోయి కాయితం చాపాడు. తహసీల్దారు దాన్ని ముట్టుకోలేదు. ముద్దాయి తప్పు ఒప్పుకున్నాక ఏ కాయితమైనా బీదరు అదాలతులోనే ఇవ్వాలని చెప్పాడు. ఈరయ్య సంగమేశ్వర్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఏమీ అనుకోవద్దన్నట్టుంది.

"గీ మెట్టు బండ ఐదడుగులది," అన్నాడు తహసీల్దారు ఒప్పుకోలు తిరగేస్తూ. "మొన్న ముగ్గురు కూలీలు లేపిన్రంట. నువ్వొక్కనివే లేపినవా?"

"ఒక్కన్నే."

"ఒక్కడే యాడ లేపుతడు సాబ్!" వాకిట్లోంచి రిబ్కమ్మ గొంతు. ఒప్పుకోలు సంగతి ఆమెకు తెలియదు. భర్తకు సాక్ష్యం చెప్పే సమయం వచ్చిందనుకుని జవాన్లను తోసుకుని లోపలికి వచ్చింది. "నేను సుత లేపిన. ఆయన అటు, నేను ఇటు పట్టినం. నా కండ్లతోని చూసిన. అప్పటికే అండ్ల..."

"రిబ్కా!" అన్నాడు ఈరయ్య.

ఒక్క పిలుపు. ఆమె ఆగిపోయింది. పెళ్లయిన నాటి నుంచి ఆ పిలుపుకు ఆగడం అలవాటు. భర్త ముఖం చూసింది, నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. పొద్దున సంగమేశ్వర్ చూసిన అదే మౌనం, ఇప్పుడు ఇద్దరిదీ.

తహసీల్దారు పక్కన వాంగ్మూలం రాస్తున్న పేష్కారు కలం గబగబా ఉర్దూలో పరిగెత్తింది. సంగమేశ్వర్ అతని భుజం మీదుగా వంగి చదివాడు. 'ముద్దాయి భార్య తాను కూడా బండ లేపినట్టు ఒప్పుకున్నది.' ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె చెప్పబోయి మింగిన సగాన్ని ఎవరు రాస్తారు?

"అమ్మా, వేలు పెట్టకు!" అని అరిచాడు.

అప్పటికే పేష్కారు ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాయితం మీద నొక్కేశాడు. ఆమె సిరా అంటిన వేలిని చూసుకుని సంగమేశ్వర్ వైపు తిరిగింది.

"నేను చెప్పింది రాసుకున్నరు కద సారూ. ఇగ ఇడిచిపెడతరా?"

పంచాక్షరి తల తిప్పుకున్నాడు. బయట లారీ మోతలో నుంచి ఒక జవాను, బస్తాలు జరిపి ఇద్దరికి చోటు చేయమని డ్రైవరును కేకేశాడు.